అమ్మ పక్కన 7 నెలలుగా నేనొక్కదాన్నే, ఇంక నా వల్ల కావడం లేదు. ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జీడితోట (శ్రీకాకుళం జిల్లా):

అందరికీ నమస్కారం. రాత్రి రెండున్నర అయింది, అమ్మ ఇప్పుడే కాస్త కళ్లు మూసింది, మళ్లీ మూలుగు మొదలయ్యేలోపు రాసేస్తున్నా, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మాది సముద్రం ఒడ్డు ఊరు. అమ్మకు 56 ఏళ్లు. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్లు చాలామంది అడ్డపొగ తాగుతారు, అంటే చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. నెత్తిన చేపల గంపతో గాలిలో నడుస్తుంటే చుట్ట ఆరిపోతుందని అలా అలవాటైందని మా మామ్మ చెప్పేది. అమ్మ కూడా పెళ్లయిన దగ్గర్నుంచీ తాగింది. పోయిన ఏడాది అంగిట్లో పుండు లేచింది. పన్ను నొప్పి అనుకుని ఊళ్లో ఆరెంపీ దగ్గర మాత్రలు వాడాం, నాలుగు నెలలు అలాగే పోయాయి. విశాఖ తీసుకెళ్లేసరికి బుగ్గ దాకా పాకిపోయింది. కార్డు మీద రేడియేషన్ ఇచ్చారు, దానికి డబ్బు కట్టలేదు గానీ రానూపోనూ ఖర్చులు, అక్కడ ఉండడం, తిండి, ఇద్దరి కూలి పోవడం, ఇవన్నీ కలిపి నా గొలుసు తాకట్టులోకి వెళ్లింది. డ్వాక్రా అప్పు వాయిదాలు రెండు ఆగాయి. నాన్న లేడు. అమ్మకు వచ్చే వితంతు పింఛను 4,000 మీదే ఇప్పుడు ఇల్లు.

తర్వాత వెళ్లిన ఆసుపత్రిలో (పేరు రాయను) ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొండి అన్నారు. ముక్కు పైపు వేసి చీటీ చేతిలో పెట్టారు. ఇంటికి తీసుకెళ్లి ఏం చెయ్యాలో మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

అన్న, తమ్ముడు గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోటు మీద ఉన్నారు. ఆగస్టులో వెళ్లారు, వేట ఆపేదాకా రారు, సేటు దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు. వదినకు ఇద్దరు చిన్నపిల్లలు, అందులో ఒకడు చంటివాడు. నేను పలాసలో జీడిపప్పు పనికి వెళ్లేదాన్ని, మానేశాను. పెళ్లి కాలేదు కాబట్టి నువ్వే చూసుకోవాలి అన్నట్టు అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

ఇప్పుడు పుండు బయటికి తెరుచుకుంది. వాసన వస్తోంది. ఇంతకుముందు రోజూ వచ్చి కూర్చునే పిన్ని కూడా గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్లిపోతోంది. రాచపుండు అంటుకుంటుందని ఎవరో అన్నారట, వదిన పిల్లల్ని మా గదిలోకి రానివ్వడం లేదు. అమ్మకు అది క్యాన్సర్ అని చెప్పలేదు, పుండు మానుతుందనే చెబుతున్నాం. రాత్రంతా నొప్పి. మాత్ర వేసిన రెండు గంటలకే మళ్లీ మొదలు. నేను వరుసగా మూడు గంటలు పడుకుని ఎన్నాళ్లైందో గుర్తులేదు.

మొన్న పైపులో జావ పోస్తుంటే నా చెయ్యి తోసేసింది, అంతా పక్క మీద పడింది. నేను గట్టిగా అరిచాను. అమ్మ నా వైపు చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రాత్రి ఒక్క క్షణం అనిపించింది, పోతే బాగుండు అని. అమ్మ బాధ తీరాలని అనుకున్నానో, నేను పడుకోవాలని అనుకున్నానో నాకే తెలియడం లేదు. అప్పట్నుంచి అమ్మ ముఖం సూటిగా చూడలేకపోతున్నాను.

ఎవరైనా ఇలా చేసి ఉంటే చెప్పండి. నొప్పికి ఏం చెయ్యాలి, వాసనకు ఏం చెయ్యాలి, నేనేం చెయ్యాలి.


ఎర్రనేల కోడలు (నల్గొండ):

చెల్లీ, నీ పోస్టు చదివి పొద్దున్నే ఏడ్చాను. మా మామయ్యకు గొంతు క్యాన్సర్, 11 నెలలు చూసుకున్నాను, పోయి రెండేళ్లైంది. నువ్వు రాసిన ఆ ఒక్క క్షణం నాకూ వచ్చింది, ఒకసారి కాదు, చాలాసార్లు. ఎవరికీ చెప్పుకోలేదు, నా భర్తకు కూడా. చెబితే ఎంత పాపిష్టిదాన్ని అనుకుంటారోనని భయం. నువ్వు చెప్పావు చూడు, అది ధైర్యం. అరిచినందుకు అమ్మ నీ మీద కోపం పెట్టుకోదు. నొప్పిలో ఉన్న మనిషి తోస్తుంది, నిద్రలేని మనిషి అరుస్తుంది, అంతే అది. పొద్దున వెళ్లి అమ్మ కాళ్లకు కొబ్బరినూనె రాయి, ఏమీ మాట్లాడకపోయినా పర్వాలేదు. నేను మామయ్యతో అలాగే రాజీ పడేదాన్ని.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతా, నువ్వు చెయ్యకు. ఎవరైనా ఏమైనా సాయం కావాలా అని అడిగితే, లేదండీ నేను చూసుకుంటాను అనేదాన్ని. మర్యాద అనుకున్నాను. నాలుగైదుసార్లు అలా అన్నాక అందరూ అడగడం మానేశారు. తర్వాత మా ఆడపడుచు వచ్చినప్పుడు నోరు తెరిచి అడిగాను, వదినా, ఆదివారం రాత్రి నువ్వు ఉండు, నేను పడుకోవాలి అని. ఆమె ఆశ్చర్యపోయింది, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు అంది. కొంచెం సాయం చెయ్యండి అంటే ఎవరికీ ఏం చెయ్యాలో అర్థం కాదు. మంగళవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కూర్చో అనో, రెండు బిందెల నీళ్లు పట్టి పెట్టు అనో, ఈ మాత్రలు తెచ్చి పెట్టు అనో చెప్పాలి. మీ పిన్ని గుమ్మం దగ్గర నిలబడుతోందంటే మనసు లేక కాదేమో, భయం వల్ల కావచ్చు. క్యాన్సర్ అంటుకోదు. ముట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. ఈ మాట నువ్వు చెబితే నమ్మకపోవచ్చు, ఏఎన్‌ఎం చేతో డాక్టర్ చేతో అందరి ముందు చెప్పించు.


రాత్రి డ్యూటీ (హైదరాబాద్):

అమ్మా, నేను 9 ఏళ్లుగా పాలియేటివ్ కేర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. పాలియేటివ్ కేర్ అంటే జబ్బు తగ్గే దశ దాటిపోయినా మనిషి బాధ తగ్గించే వైద్యం. చేసేదేం లేదు అని మీకు చెప్పిన మాట తప్పు. క్యాన్సర్‌కు చేసేది లేకపోవచ్చు, మీ అమ్మగారికి చేయాల్సింది చాలా ఉంది. ఆ మాట వినీ వినీ మాకు కోపం వస్తుంది, ఎందుకంటే ఆ ఒక్క వాక్యంతో ఆసుపత్రి మొత్తం మీ భుజాల మీదికి వచ్చి పడుతుంది.

ముందు నొప్పి సంగతి చూడాలి, మిగతావన్నీ తర్వాత. అది తగ్గితే ఆమె పడుకుంటుంది, ఆమె పడుకుంటే మీరు పడుకుంటారు. మాత్ర వేసిన రెండు గంటలకే నొప్పి వస్తోందంటే ఆ మందు సరిపోవడం లేదని అర్థం. ఈ దశలో పారాసిటమాల్, ట్రమడాల్ లాంటివి చాలామందికి సరిపోవు, మార్ఫిన్ అనే గట్టి నొప్పిమందు కావాలి. మాత్ర ఖరీదు ఎక్కువేం కాదు, కానీ మామూలు మందుల షాపులో దొరకదు, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు. 1985 మాదకద్రవ్యాల చట్టం వల్ల ఒకప్పుడు ఆసుపత్రులకు కూడా ఇది దొరకడం కష్టంగా ఉండేది, 2014లో చట్టాన్ని సవరించి తేలిక చేశారు. మీకు దగ్గరలో అంటే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ పాలియేటివ్ కేర్ ఓపీ ఎక్కడ అని అడగండి, సరిగ్గా ఆ మాటే అనండి. పాత కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి. మొదటిసారి మనిషిని చూశాక, తర్వాత ఆమెను తీసుకురాకుండా ఇంట్లోవాళ్లే కాగితాలతో వచ్చి మందు తీసుకెళ్లొచ్చా అని కూడా అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

మార్ఫిన్ మొదలుపెడితే మూడు విషయాలు గుర్తుంచుకోండి. మామూలు మాత్రను నొప్పి వచ్చినప్పుడు కాకుండా గడియారం చూసి వెయ్యాలి, సాధారణంగా 4 గంటలకోసారి. నొప్పి రాకముందే వెయ్యడమే దాని పద్ధతి. రెండోది, దాంతో మలబద్ధకం తప్పకుండా వస్తుంది, అందుకని విరేచనం మందు కూడా మొదటిరోజు నుంచే ఇస్తారు, అది మానొద్దు. మొదటి రెండు మూడు రోజులు మగతగా, వికారంగా ఉండొచ్చు, సాధారణంగా సర్దుకుంటుంది. మూడోది, డాక్టర్‌కు చెప్పకుండా పెంచొద్దు, ఒక్కసారిగా ఆపొద్దు. మనిషి లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా వెంటనే ఫోన్ చెయ్యాలి. పైపులోంచి వెయ్యాలి కాబట్టి ఏ మాత్ర పొడి చెయ్యొచ్చో, ఏది చెయ్యకూడదో అక్కడే రాయించుకోండి. కొన్ని రకాలు పొడి చేస్తే ప్రమాదం.

వాసనకు: కాచి చల్లార్చిన నీళ్లలో కొంచెం ఉప్పు వేసి పుండును మెల్లగా కడగండి, రుద్దొద్దు. అంటుకుపోయిన గుడ్డను లాగకుండా ముందు అదే నీళ్లతో తడిపి తియ్యండి, లేకపోతే నెత్తురు వస్తుంది. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లి గాజుగుడ్డ వేసి కట్టడం మేము అందరికీ నేర్పే పని, రెండు మూడు రోజుల్లో వాసన చాలా తగ్గుతుంది. ఎన్ని మాత్రలో, ఎలాగో డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. పసర్లు, పొగాకు పొడి లాంటివి ఎవరు చెప్పినా పెట్టొద్దు. ఇంకొకటి, మంచం పక్కన ముదురు ఎరుపు రంగు తువ్వాళ్లు రెండు పెట్టుకోండి. ఈ రకం పుండు నుంచి ఒక్కోసారి నెత్తురు వస్తుంది, తెల్లగుడ్డ మీద చూస్తే ఆమెకూ మీకూ గుండె ఆగినంత పనవుతుంది. తువ్వాలు అదిమి పట్టుకుని ఫోన్ చెయ్యండి.

పైపులో పోసేటప్పుడు తల ఎత్తుగా ఉండాలి, వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి, పోశాక అరగంట అలాగే ఉంచండి. వడగట్టిన రాగిజావ, పాలు, పలచటి మజ్జిగ, పప్పుకట్టు ఏదైనా సరే, ఒకేసారి గ్లాసుడు మించకుండా రెండు మూడు గంటలకోసారి, చివర కొంచెం మంచినీళ్లు పోస్తే పైపు మూసుకుపోదు. వద్దని చెయ్యి తోస్తే ఆ పూట వదిలెయ్యండి. తినకపోతే పోతుందని మనం భయపడతాం గానీ ఈ దశలో ఒంటికి ఆకలి తగ్గడం జబ్బులో భాగమే, మీరు సరిగ్గా పెట్టకపోవడం వల్ల కాదు.

ఇక మీ గురించి. ఆ ఒక్క క్షణం ఆలోచన వచ్చినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. బాగా చూసుకునేవాళ్లకే వస్తుంది. మీకు చచ్చిపోవాలనిపించినా, అసలు ఏమీ అనిపించకుండా మొద్దుబారినట్టు ఉన్నా 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి రెండున్నరకు కూడా ఎత్తుతారు.


వేపచెట్టు:

అందరూ మార్ఫిన్ అంటున్నారు, అది మత్తుమందు కదండీ. మా బంధువు ఒకాయనకు అది మొదలుపెట్టిన పది రోజులకే పోయాడు. అలవాటైపోతుంది కూడా. నాకు తెలిసిన ఒక నాటువైద్యుడు ఉన్నాడు, లేపనం ఇస్తాడు, ఒకసారి చూడండి.


రాత్రి డ్యూటీ (హైదరాబాద్):

వేపచెట్టు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారని తెలుసు, ఈ భయం మా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబంలోనూ ఉంటుంది. మన దగ్గర చాలాచోట్ల మార్ఫిన్‌ను చివరి రోజుల దాకా ఇవ్వరు. అందుకే అది ఇచ్చాక పోయారని అనిపిస్తుంది. ఆయన్ను తీసుకెళ్లింది జబ్బు. సరైన మోతాదులో నెలల తరబడి వాడి, లేచి కూర్చుని మనవళ్లతో మాట్లాడినవాళ్లున్నారు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చూసుకుంటూ ఇస్తే వ్యసనంగా మారడం అరుదు. లేపనానికి ఖర్చుపెట్టే డబ్బు ఈ అమ్మాయి దగ్గర లేదు, దయచేసి ఆ దారి చూపించొద్దు.


మన్నెంబాట (నాగర్‌కర్నూల్ దగ్గర తండా):

నేను ఎక్కువ రాయలేను. నా భార్యకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. ఎనిమిది నెలలు చూశాను. తండాలో మొగోడు పెళ్లాం బట్టలు ఉతికితే ఎట్లా చూస్తారో మీకు తెలుసు. మొదట్లో చీకటి పడ్డాక ఉతికేవాణ్ని. తర్వాత పగలే ఉతికాను.

వేపచెట్టు అన్నా, మేము నాటుమందుకు 40 వేలు పెట్టాం, మేకలు అమ్మి. నొప్పి ఒక్క పూట కూడా తగ్గలేదు. హైదరాబాద్‌లో ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో మార్ఫిన్ ఇచ్చాక ఆ రాత్రి ఆమె పడుకుంది. ఆరు నెలల్లో మొదటిసారి. నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, ఊపిరి ఆడుతోందా అని. పొద్దున లేచి టీ అడిగింది. ఆ మేకలు ఉండి ఉంటే ఇప్పుడు నా బిడ్డల చదువుకు పనికొచ్చేవి.

చెల్లె, నడుం జాగ్రత్త. అమ్మను చంకల కింద చేతులు పెట్టి లేపకు. ముందు పక్కకు తిప్పి, కాళ్లు మంచం కిందికి దించి, అప్పుడు నీ మోకాళ్లు వంచి లేపు. దుప్పటి నాలుగు మడతలు వేసి నడుం కింద వేస్తే ఇద్దరు రెండు వైపులా పట్టుకుని జరపొచ్చు. నాకు ఇది ఎవరూ చెప్పలేదు, నడుం పోయింది, ఇప్పటికీ బస్తా ఎత్తలేను.


కువైట్ తమ్ముడు:

అక్కా, నేను మీ అన్నదమ్ముల వైపు మనిషిని. కడప జిల్లా మాది, కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్నాను. నాన్న మంచం పట్టినప్పుడు అన్నీ మా అక్క చేసింది, నేను డబ్బు పంపాను. నెలనెలా పంపుతున్నాను కదా, నా వంతు అయిపోయింది అనుకున్నాను. ఒకరోజు అక్క ఫోన్‌లో ఏమీ మాట్లాడకుండా అయిదు నిమిషాలు ఏడ్చింది. అప్పుడు అర్థమైంది.

దూరం నుంచి చెయ్యగలిగేవి కొన్ని ఉన్నాయి, మీ తమ్ముడికి చెప్పండి. నేను రోజూ రాత్రి ఎనిమిదింటికి నాన్నకు వీడియో కాల్ చేసేవాణ్ని, ఫోన్ దిండు మీద నిలబెట్టి అక్క వెళ్లి స్నానం చేసి అన్నం తినేది. గంటసేపు. నాన్న మాట్లాడలేకపోయినా నేనే ఏదో ఒకటి చెప్పేవాణ్ని, ఎండ గురించి, ఇక్కడి రోడ్ల గురించి. బంధువులందరూ అక్కకు ఫోన్ చేసి ఎలా ఉంది ఎలా ఉంది అని అడిగితే ఆమెకు ఉన్న కాస్త ఓపికా పోయేది, అందుకని అందరికీ నేనే సమాధానం చెబుతానని వాట్సాప్‌లో పెట్టాను. మందులు ఎప్పుడు అయిపోతాయో నేను రాసుకుని రెండు రోజుల ముందు గుర్తుచేసేవాణ్ని. బోటు మీద సిగ్నల్ ఉండదని తెలుసు, కానీ ఒడ్డుకు వచ్చిన రోజుల్లోనైనా ఇవి చెయ్యొచ్చు.

రైలు సంగతి కూడా చెబుతాను, చాలామందికి తెలియదు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ ఉంది, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం. రైల్వే ఫారం మీద ఆసుపత్రి సంతకం, ముద్ర వేయించుకుని కౌంటర్‌లో చూపించాలి. పలాస నుంచి వెళ్లేటప్పుడు దువ్వాడలో ఆగే రైలు చూసుకుంటే అగనంపూడి దగ్గర, విశాఖ స్టేషన్‌లో దిగి మళ్లీ ఆటోకు పెట్టక్కర్లేదు.


జీడితోట:

అందరివీ చదివాను, రెండుసార్లు చదివాను. మన్నెంబాట అన్నా, మీరు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారని చదివి నేనూ ఏడ్చాను, నేనూ అలాగే చూస్తుంటాను. సోమవారం అగనంపూడి వెళ్తాం, ఊళ్లో ఒకాయన వ్యాను ఇస్తానన్నాడు.

ఒకటి అడగాలి నర్సు అక్కా. అమ్మకు చెప్పాలా వద్దా? అన్న చెప్పొద్దంటున్నాడు, తెలిస్తే రెండు రోజులు కూడా ఉండదు అంటాడు. రోజూ అబద్ధం చెప్పడం నాకు పైపు పెట్టడం కంటే కష్టంగా ఉంది. ఇంకొకటి, ఊళ్లో సాయం అడగమన్నారు, ఎవరిని అడగాలి? అందరూ కూలికి పోయేవాళ్లే.


రాత్రి డ్యూటీ (హైదరాబాద్):

చెప్పాలా వద్దా అని మీరు ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ఆమెకు ఏం తెలుసో ముందు వినండి. అమ్మా, నీకు ఈ జబ్బు ఏమనిపిస్తోంది అని అడిగి ఊరుకోండి. రేడియేషన్‌కు వెళ్లి అక్కడ వరసల్లో కూర్చున్న మనిషికి ఏమీ తెలియదని మనం అనుకుంటాం. ఆమె అడిగితే అబద్ధం చెప్పొద్దు, అడగకపోతే తెచ్చి మీద పడెయ్యొద్దు. మీ అన్నయ్యది ప్రేమే, కానీ తెలిస్తే తొందరగా పోతారనేది నేను చూసినదాంట్లో నిజం కాదు. చెప్పుకోవాల్సిన మాటలు చెప్పుకోకుండా పోయినవాళ్ల ఇళ్లలో ఆ బరువు చాలా ఏళ్లు ఉండిపోవడం చూశాను.

రెండో ప్రశ్నకు. నేను కేరళలో శిక్షణకు వెళ్లినప్పుడు అక్కడి ఊళ్లలో చూశాను. మలప్పురం వైపు నర్సుతోపాటు ఆ వీధి మనుషులే, టైలరు, టీ కొట్టాయన, కాలేజీ పిల్లలు, ఇంటికి వచ్చి కూర్చుంటారు, పుండు కడగడం నేర్చుకుంటారు. ఆ రాష్ట్రం 2008లోనే దీనికి ఒక విధానం తెచ్చింది, కానీ అంతకు ముందే మనుషులు మొదలుపెట్టేశారు. మన దగ్గర అలాంటివి లేవని అప్పుడు బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే మన ఊళ్లలో డ్వాక్రా సంఘాలు ఉన్నాయి కదా అనిపించింది. పది పన్నెండు మంది ఆడవాళ్లు, ఏళ్ల తరబడి ఒకరి అప్పుకు ఒకరు పూచీ ఉన్నవాళ్లు, ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలిసినవాళ్లు. ఒక్కొక్కరు వారానికి రెండే గంటలు ఇచ్చినా మీకు రోజూ మూడు గంటలు దొరుకుతాయి. అప్పు వాయిదా అడగడానికి ఎలాగూ వాళ్లు మీ ఇంటికి వస్తారు, అప్పుడే ఇది అడగండి.

తెలంగాణ నుంచి చదివేవాళ్లకు కూడా ఒక మాట: జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ వార్డులు పెట్టారు, ఆలన పేరుతో ఇళ్లకు వచ్చే వాహనం కూడా ఉంది, మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. హైదరాబాద్‌లో చివరి దశ రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పీస్‌లో డబ్బు తీసుకోరు.


ఆశా అక్క (విజయనగరం జిల్లా):

చెల్లమ్మా, నేను ఆశాగా చేస్తున్నాను, అందుకే చెబుతున్నా. మీ ఊరి ఆశాకు, ఏఎన్‌ఎంకు మీ అమ్మ మంచం మీద ఉన్నారని చెప్పారా? చెప్పకపోతే మాకు నిజంగా తెలియదు. మా రిజిస్టర్లలో బాలింతలు ఉంటారు, టీకాలు ఉంటాయి, బీపీ షుగర్ ఉంటుంది, ఇలా ఇంట్లో పడుకుండిపోయినవాళ్లు చాలాసార్లు దేనిలోనూ కనపడరు. ఊళ్లో ఉన్న హెల్త్ సెంటర్ చెయ్యాల్సిన 12 రకాల సేవల్లో ఇది కూడా ఒకటి, పెద్దవాళ్లు, మంచం పట్టినవాళ్ల సంరక్షణ అని రాసే ఉంది. కాబట్టి మొహమాటపడి అడగక్కర్లేదు, మీ హక్కు. పైపు ఊడినా, మూసుకున్నా ముందు ఆమెకే ఫోన్ చెయ్యండి. గ్లౌజులు, గాజుగుడ్డ, దూది పీహెచ్‌సీ నుంచి తెచ్చివ్వమనండి. 104 బండి ఊరికి వచ్చే రోజు తెలుసుకుని డాక్టర్‌ను ఇంటికి రమ్మని ముందురోజే చెప్పించండి. రాచపుండు అంటుకోదని ఆ డాక్టర్ చేతే మీ వాకిట్లో చెప్పించండి, పదిమంది వింటారు.


జీడితోట (24 రోజుల తర్వాత):

ఇన్నాళ్లు రాయలేదు, క్షమించండి. అగనంపూడి వెళ్లాం. పాలియేటివ్ కేర్ అని అడిగితే నేరుగా గది చూపించారు. అక్కడ డాక్టరమ్మ అమ్మను చూశాక, నువ్వు ఎన్ని గంటలు పడుకుంటున్నావు అని నన్ను అడిగింది. ఏడు నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి డాక్టర్. సమాధానం చెప్పలేక కూర్చున్నాను.

మార్ఫిన్ మొదలైంది, గడియారం చూసి వేస్తున్నాం. మూడు రోజులు మగతగా ఉంది, భయమేసింది, మీరు ముందే చెప్పారు కాబట్టి ఆపలేదు. ఇప్పుడు మధ్యాహ్నం పూట కూర్చుంటోంది. పుండుకు పొడి వేస్తున్నాను, వాసన పూర్తిగా పోలేదు గానీ అగరొత్తులు వెలిగించడం మానేశాం. 104 బండి డాక్టర్ ఇంటికి వచ్చారు, ఆశా అక్క చెప్పినట్టే వాకిట్లో చెప్పించాను. ఆ సాయంత్రం వదిన పెద్దోణ్ని తెచ్చి అమ్మ పక్కన కూర్చోబెట్టింది. పిన్ని కూడా లోపలికి వచ్చింది, ఏమీ మాట్లాడలేదు, అమ్మ తల దువ్వి వెళ్లింది.

సంఘంలో అడిగాను. పన్నెండు మందిలో ఐదుగురు సరే అన్నారు, మిగతావాళ్లకు కుదరదు, వాళ్ల ఇళ్లలోనూ కష్టాలున్నాయి. ఆ ఐదుగురు చాలు. వాయిదా రెండు నెలలు సంఘం పొదుపులోంచి సర్దారు, తర్వాత కట్టాలి.

అమ్మను అడిగాను, నీకేమనిపిస్తోంది అని. జబ్బు గురించి ఒక్క మాట అనలేదు. పలక మీద రాసినట్టు వేలితో దుప్పటి మీద లెక్కపెట్టి, పిల్లలు వెరావల్ నుంచి దిగడానికి ఇంకా ఎన్ని నెలలు అని సైగ చేసింది. నాలుగు అన్నాను. తల అడ్డంగా ఊపింది. అప్పుడే అన్నకు ఫోన్ చేసి ఇది చెప్పాను, చాలాసేపు ఏమీ అనలేదు. తమ్ముడు సేటుతో మాట్లాడుకుని గురువారం దిగాడు. అన్న వచ్చే నెల వస్తానన్నాడు.

నిన్న రాత్రి తమ్ముడు కూర్చున్నాడు. నేను పది గంటలకు వదిన గదిలో పడుకుని ఆరింటికి లేచాను. లేచాక గాభరాగా పరిగెత్తి వచ్చాను, ఇద్దరూ నిద్రపోతున్నారు, వాడు మంచం కోడు మీద తల పెట్టుకుని. మందు వేసిన టైములు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు.

నర్సు అక్కా, వాడికి పైపులో జావ పొయ్యడం నేర్పిస్తున్నాను, బాగానే పోస్తున్నాడు, కానీ పుండు కట్టు విప్పేటప్పుడు వాడి చేతులు వణుకుతున్నాయి, అమ్మ అది చూస్తోంది. కొన్నాళ్లు అది నేనే చెయ్యనా, లేక వాడితోనే చేయించనా?


రాత్రి డ్యూటీ (హైదరాబాద్):

ఈ వారం కట్టు మీరే విప్పండి, కడిగే నీళ్ల గిన్నె వాడి చేతికివ్వండి, పక్కనే నిలబడి చూడనివ్వండి. వచ్చే వారం గుడ్డ తడిపే పని వాడికివ్వండి. మా దగ్గరికి కొత్తగా వచ్చే నర్సుల చేతులు కూడా వణుకుతాయమ్మా, పది పన్నెండు కట్లు చూశాక తగ్గుతుంది. వణుకుతున్నట్టు అమ్మ చూస్తే చూడనివ్వండి. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నారని చదివి మా వార్డులో అందరికీ చెప్పాను.